మంద, కుక్క, పుల్లరి

రామచంద్రపురం చుట్టుపక్కల ఇవాళ కొండ లేదు, పెద్ద ఆవుల మందా లేదు. వరి చేలు, కొబ్బరి తోటలు, కాలువ గట్లు, పాకలో ఒకటో రెండో గేదెలు. కొండ మందల కథను ఇక్కడ మొదలుపెట్టడం వింతగానే ఉంటుంది. కానీ ఈ గోదావరి డెల్టాలో పచ్చిక ఎలా పోయిందో చూడకపోతే, మందలు కొండల్లోనే ఎందుకు మిగిలాయో తెలియదు.

ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టిన ఆనకట్ట 1852కి పూర్తయింది. నీరు పారిన చోటల్లా బీడు మాగాణి అయింది. మనిషికి అన్నం దొరికింది. గొడ్డుకు గట్టు మీది గడ్డి, గోదావరి లంకలు, పెరట్లో గడ్డిమేటు మిగిలాయి. నాట్లు పడ్డాక పనిలేని పశువులను మెట్ట వైపు, మన్యం అంచు వైపు తోలి, కోతలయ్యాక తిరిగి తెచ్చుకునే వాడుక అందుకే నిలిచింది. ట్రాక్టరు వచ్చి ఎడ్ల అవసరం తీర్చేశాక ఆ రాకపోకలూ సన్నగిల్లాయి. కాటన్‌కు ఊరూరా విగ్రహాలు పెట్టుకున్నాం, పెట్టుకోవలసిందే. అయితే ఆ లెక్కలో పచ్చిక బయళ్ల పద్దును ఎవరూ రాయలేదు.

మంద బతుకు పచ్చిక వెంట నడవడమే. తెలుగువాళ్లకు ఈ సంగతి చెప్పే పెద్ద కథ కాటమరాజుది. పదమూడో శతాబ్దం నాటిదిగా చెప్పే ఈ గొల్లల వీరగాథను కొమ్మువాళ్లు తరతరాలుగా పాడుతున్నారు. కరువొచ్చి కాటమరాజు మందలను నెల్లూరు సీమకు తోలుకొస్తాడు. గడ్డి మేసినందుకు పుట్టిన కోడెదూడలను ఇస్తానని అక్కడి రాజు నల్లసిద్ధితో ఒప్పందం చేసుకుంటాడు. ఆ ఒప్పందం చెడి ఎర్రగడ్డపాడులో యుద్ధం జరుగుతుంది. కవి తిక్కన బంధువు ఖడ్గతిక్కన అందులోనే మరణించాడని ప్రసిద్ధి. కథలో తగవుకు కారణాలు చాలానే చెబుతారు గాని, మూలం పుల్లరి. పులి నోట పడిన పశువు కోసం కాదు, మేత పన్ను కోసం రక్తం పారింది. తర్వాతి చరిత్రంతా దాదాపు ఇదే దారిన నడిచింది.

ముందు పులి సంగతి చూద్దాం. మందకు కాపలాగా భారీ కుక్కలను పెంచే సంప్రదాయం పిరనీస్ కొండల్లో ఉంది, అనతోలియాలో ఉంది, మన హిమాచల్‌లో గద్దీ కాపరులకు ఉంది. అక్కడ కుక్క మెడకు ఇనుప ముళ్ల పట్టీ కడతారు. తోడేలైనా చిరుతైనా మొదట పట్టేది గొంతే కనుక. తెలుగు కొండల్లో అలాంటి జాతి ఏదీ తయారు కాలేదు. మనకు పేరున్న జోనంగి కూడా కొండది కాదు. కొల్లేటి తీరంలో బాతుల మందలు తోలిన కుక్క అది. నల్లమల చెంచుగూడేల్లో కుక్కలు లేని ఇల్లు అరుదు. 1943లో చెంచులపై పుస్తకం తెచ్చిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ వాటినీ గమనించాడు. కానీ అవి వేటకు, గూడెం కాపలాకు.

మన కాపరి కుక్క పని పోరాటం కాదు, మొరగడం. చిరుతకు కుక్క అంటే మహా ఇష్టం. ఒంటరిగా ఎదురెళితే అదే ముందు పోతుంది. అందుకని రాత్రి కాపలాను మనిషి నాలుగు చోట్ల పంచాడు: ముళ్లకంప దొడ్డి, నెగడు, మెడగంటలు, కుక్క చెవి. మిగతాది పశువు తానే చూసుకోవాలి. అడవిలో పెరిగిన ఆవు వాసన పట్టి బెదురుతుంది, దూడలను నడుమ పెట్టుకుని కొమ్ములు దించుతుంది. సాధుజంతువనే మాట దాన్ని కట్టుకొయ్య దగ్గర చూసినవాళ్లు అన్నదే. కుక్కలకు నిజంగా పేరు పడ్డవాళ్లు లంబాడీలు. ఉప్పూ ధాన్యమూ మోసే ఎడ్ల బిడారుల చుట్టూ రాత్రి వాళ్ల కుక్కలే కావలి. రైలు వచ్చి ఆ వ్యాపారాన్ని మింగేశాక వాళ్లు తండాలు కట్టుకుని మందలు పెంచారు, సేద్యంలో దిగారు.

పులి ఏడాదికి కొన్ని పశువులను తింటుంది. పుల్లరి మొత్తం మంద మీద పడుతుంది. 1882 మద్రాసు అటవీ చట్టంతో కొండ పచ్చిక రిజర్వు గీతల వెనక్కి పోయింది. మేపాలంటే రుసుము, గీత దాటితే బందెలదొడ్డి. 1921లో పల్నాడు రైతులు పుల్లరి కట్టబోమన్నారు. వాళ్లకు అండగా వెళ్లిన ఉన్నవ లక్ష్మీనారాయణ జైలు పాలయ్యాడు. ‘మాలపల్లి’ నవల ఆ జైల్లోనే పుట్టింది. 1922 ఫిబ్రవరి 22న మించాలపాడులో ఆ పుల్లరి పోరాట నాయకుడు కన్నెగంటి హనుమంతును పోలీసులు కాల్చి చంపారు. సరిగ్గా ఆరు నెలలకు, ఆగస్టు 22న, అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి స్టేషన్ మీద పడింది. పోడు, మేత, వెట్టి: మన్యం కోపానికి కారణాలూ అడవి నుంచే వచ్చాయి. మన పాఠ్యపుస్తకాలు ఈ రెండు పోరాటాలనూ వేర్వేరు పాఠాల్లో పెట్టడం నాకెప్పుడూ నచ్చలేదు.

ఆ మేత తగవు ఇంకా సజీవంగా ఉన్నది నల్లమలలో. అమ్రాబాద్ పీఠభూమి కుటుంబాలు పెంచే పొడ తూర్పు ఆవులకు 2020లో జాతీయ పశు జన్యు వనరుల సంస్థ ప్రత్యేక జాతిగా గుర్తింపునిచ్చింది. తెలుపు మీద గోధుమ మచ్చలు, గట్టి కాళ్లు, పాలు తక్కువ. మంద రాబడి కోడెల్లో ఉంది. కురుమూర్తి జాతరలో మైదానపు రైతులు వాటిని కొంటారు. అంటే కొండ మందను పోషించేది మైదానపు నాగలే. అక్కడ ట్రాక్టరు పెరిగిన కొద్దీ ఇక్కడ కోడె ధర తగ్గుతుంది. 2006 అటవీ హక్కుల చట్టం మేతను, కాలానుగుణ సంచారాన్ని హక్కుగా ఒప్పుకుంది. కానీ అదే అడవి 1983 నుంచి పులుల అభయారణ్యం. లోపలి భాగంలో మంద అడుగుపెట్టడం మీద వాదన తెగదు.

ఈ వాదనలో కుక్క మీద కొత్త నేరం మోపారు: జబ్బులు మోసుకొస్తుందని. తోసిపుచ్చలేం. 2018లో గిర్‌లో ఇరవైకి పైగా సింహాలు చనిపోయాయి. వాటిలో కొన్నింటిలో కుక్కల జబ్బైన కనైన్ డిస్టెంపర్ వైరస్ దొరికింది. అలాగని కాపరి కుక్కను తరిమేస్తే చిరుతకు దొడ్డి తలుపు తెరిచినట్టే. పశువులకు గాలికుంటు టీకాలు వేయడానికి కొండ ఊరికి వచ్చే వైద్య బృందం రేబిస్, డిస్టెంపర్ టీకాలు కూడా వెంట తెస్తే, ఆ రోజు మందతోపాటు కుక్కకూ టీకా పడుతుంది.