పదహారు పలకల కళ్ళం

మౌంట్ వెర్నన్ అంటే జార్జి వాషింగ్టన్ ఇల్లని అందరికీ తెలుసు. అమెరికా రాజధానికి దక్షిణాన పదిహేను మైళ్ళ దూరంలో, పోటోమాక్ నది ఒడ్డున ఉంది. 1858లో ఒక మహిళా సంఘం కొని కాపాడుతూ వస్తోంది. మేము ఒక పగలంతా అక్కడ ఉన్నాం. భవనం ముందు బారులు తీరిన జనం ఎక్కువ. మమ్మల్ని నిలబెట్టింది మాత్రం నది పక్కనున్న పొలం. అక్కడ పాతకాలపు సేద్యం చేసి చూపెడతారు.

పొలంలో పదహారు పలకల కొట్టం ఒకటుంది. అసలుది 1790లలో కట్టింది, ఇప్పుడున్నది 1996లో అదే నమూనాలో మళ్ళీ లేపింది. పై అంతస్తులో గోధుమ పనలు పరిచి గుర్రాల్ని గుండ్రంగా తోలేవాళ్ళు. గింజలు చెక్కల సందుల్లోంచి కిందికి రాలేవి. మన కళ్ళంలో బంతి కట్టి ఎద్దుల్ని తోలడం లాంటిదే. నమూనా వాషింగ్టన్ గీసిందే, కాదనం. కట్టింది బానిస వడ్రంగులు, తోలింది బానిసలు. గీసిన చేతికి పేరుంది. మన దగ్గరా అంతే గదా! చెరువు తవ్వించిన రాజు శాసనంలో ఉంటాడు, మట్టితట్ట మోసినోళ్ళుండరు.

అయితే అక్కడ ఒక విచిత్రం ఉంది. 1799లో, చనిపోయే ఏడాదే, వాషింగ్టన్ తన పొలాల్లోని బానిసల జాబితా రాసుకున్నాడు. మొత్తం 317 మంది. పేరు, పని, ఎవరికి ఎవరు భార్య, ఎవరు ఏ పొలంలో ఉంటున్నారు, అన్నీ ఉన్నాయి. గౌరవంతో రాసింది కాదు, ఆస్తి లెక్క. ఇవాళ వాళ్ళ మనవలకు తాతల ఆచూకీ చెప్పేది ఆ లెక్కే. బానిసత్వమూ కులమూ ఒకటేనని మేము అనడం లేదు. అక్కడ యజమాని చేతిలో కాగితం ఉంది. ఇక్కడ వెట్టికి చాలాచోట్ల నోటిమాటే చాలింది. అందుకే మన పాలేర్ల పేర్లు కావాలంటే వాడల్లో ముసలోళ్ళను అడిగి రాసుకోవాల్సిందే, అదీ వాళ్ళుండగానే. 1873లో ‘గులామ్‌గిరి’ని నీగ్రో బానిసల విముక్తికి పాటుపడిన అమెరికన్లకు అంకితం చేసిన ఫూలే ఈ పోలికను మనకంటే ముందే చూశాడు.

పొలంలో ఆ కాలపు బట్టలేసుకున్న ఉద్యోగులు పార పట్టి పని చూపెడతారు. బాగా చెప్తారు కూడా. కానీ వాళ్ళు జీతం తీసుకుని సాయంత్రం ఇంటికి పోతారు. తెల్లారి నుంచి పొద్దుగూకేదాకా, వారానికి ఆరు రోజులు, మొక్కజొన్న పిండీ ఉప్పుచేపా తిని చేసిన చాకిరీని అట్లా చూపించగలరా? పొలాల్లో పనిచేసినవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. మొగుడొక పొలంలో, పెళ్ళాం పిల్లలు ఇంకో పొలంలో ఉన్న కుటుంబాలెన్నో. 2007లో కట్టిన ఒంటిగది గుడిసె అట్లాంటి ఒక తల్లి బతుకును గుర్తు చేస్తుంది. భవనం కంటే ఆ గుడిసెలోనే చరిత్ర ఎక్కువుంది.

వాషింగ్టన్ తన బానిసల్ని విడిపించమని వీలునామా రాశాడు, మెచ్చుకుంటారు. అతని సొంతంగా లెక్కకొచ్చినవాళ్ళు 123 మంది. వాళ్ళకు 1801 జనవరి 1న విడుదల దొరికింది. భార్య మొదటి భర్త ఆస్తిగా వచ్చిన 153 మందికి దొరకలేదు, ఆమె పోయాక వారసులు పంచుకున్నారు. రెండు పక్కలవాళ్ళూ పెళ్ళిళ్ళు చేసుకుని ఉన్నారు. ఒకరికి స్వేచ్ఛ, ఇంకొకరికి సంకెల.

బానిసల శ్మశానం దగ్గర 1929లో ఒక పలక పెట్టారు. 1983లో హోవర్డ్ విశ్వవిద్యాలయం విద్యార్థులు రూపొందించిన స్మారకం వచ్చింది. 2014 నుంచి పురావస్తువాళ్ళు ఎముకల్ని కదపకుండా, పైమట్టి మాత్రం తీసి సమాధుల్ని లెక్కబెడుతూ వచ్చారు. ఏ గుంటలో ఎవరున్నారో చెప్పే రాయి లేదు.