ఎర్వైజ్ – ఒక విద్యార్థి ప్రాజెక్టు చరిత్ర

కంప్యూటరు శాస్త్రము చదువు విద్యార్థులకు నేడు ఒక ప్రాజెక్టు తప్పదు. ఒక వెబ్ అప్లికేషనును నిర్మింపవలెను. పని ఎంతవరకు వచ్చినదో ఎప్పటికప్పుడు వ్రాసి ఉపాధ్యాయునికి చూపవలెను. మొదటి పనియందు వారికి ఉత్సాహము మెండు. రెండవది మార్కుల కొరకు పడవలసిన ప్రయాసగా మాత్రమే తోచును. ఈ రెండవ పనికి ఎంత విలువ కలదో తెలుపు సంఘటన ఒకటి, వెబ్ పుట్టిన తొలి సంవత్సరములలోనే ఫిన్లాండు దేశమున జరిగినది.

అసలు వెబ్ పుట్టుకకే వ్రాతపనితో సంబంధము కలదు. జెనీవా నగర సమీపమున సెర్న్ అను భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ ఉన్నది. అక్కడికి వచ్చు శాస్త్రజ్ఞులలో చాలమంది రెండేండ్లు పనిచేసి వెళ్లిపోవుచుండిరి. వారు వెళ్లిన పిదప, ఏ యంత్రమును ఏ ప్రోగ్రాము నడుపుచున్నదో, దానిని ఎందుకట్లు వ్రాసిరో చెప్పువారు ఉండరు. 1989 మార్చిలో టిమ్ బెర్నర్స్-లీ అను ఆంగ్లేయుడు తన పై అధికారికి సమర్పించిన ప్రతిపాదనలో ప్రధానముగా చెప్పిన చిక్కు ఇదియే. 1990 చివరికి ఆయన పుటలను వ్రాయుటకును చదువుటకును పనికివచ్చు ప్రోగ్రామును సిద్ధము చేసెను. కాని అది నెక్‌స్ట్ అను కంప్యూటరుపై మాత్రమే నడచునది. అట్టి కంప్యూటర్లు బహు కొద్ది.

ఏ కంప్యూటరుపైనైనను నడువగల బ్రౌజరును వ్రాసినది ఒక విద్యార్థినియే. ఆమె పేరు నికోలా పెల్లో. ఇంగ్లండులోని లెస్టరు పాలిటెక్నిక్ నుండి శిక్షణకై సెర్న్‌కు వచ్చినది. ఆమె బ్రౌజరులో బొమ్మలు లేవు, మౌసుతో పని లేదు. లింకుల ప్రక్కన అంకెలుండును. అంకెను టైపు చేసినచో ఆ పుట తెరపైకి వచ్చును. సెర్న్ ఉద్యోగులు దీనిని మొదట వాడుకొన్నది గొప్ప పరిశోధనలకు కాదు, టెలిఫోను నంబర్లు వెదకుటకు! పేరు అడిగినచో, అవతలి ప్రోగ్రాము జాబితాను వెదకి, అప్పటికప్పుడు ఒక పుటను కూర్చి పంపును. నేటి వెబ్ అప్లికేషనులలో జరుగునదియు మూలమున ఇంతే.

విశ్వవిద్యాలయములలో ఆనాడు యూనిక్స్ కంప్యూటర్లు, వాటి తెరపై కిటికీల వంటి చట్రములను చూపు ఎక్స్ విండో పద్ధతి వ్యాపించియుండెను. దానికి తగిన బ్రౌజరును వ్రాయుటకు సెర్న్‌లో మనుషులు లేరు. అందుచేత బెర్నర్స్-లీయు, ఆయన సహచరుడు రాబర్ట్ కైయోయు ఆ పనిని విద్యార్థులకు ప్రాజెక్టుగా ఇమ్మని విశ్వవిద్యాలయములను కోరుచుండిరి. కైయో హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయమునకు వెళ్లినప్పుడు ఈ సూచన చేయగా, కిమ్ న్యూబెర్గ్, తేము రాంటానెన్, కాతి సువొమినెన్, కారి స్యూడన్మాన్‌లక్కా అను నలుగురు విద్యార్థులు అందుకొనిరి. వారి బృందము పేరు ఓ.హెచ్.టి. ఆ అక్షరముల తర్వాత చేర్చినచో 'అదర్‌వైజ్' అను ఆంగ్లపదమును తలపించునట్లు తమ బ్రౌజరుకు 'ఎర్వైజ్' అని చమత్కారముగా పేరు పెట్టిరి. పని పర్యవేక్షించినవాడు ఆరి లెమ్కె. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ రచనకు 'లినక్స్' అను పేరుతో తన సర్వరులో చోటిచ్చినవాడును ఈయనయే.

1992 ఏప్రిల్‌లో ఎర్వైజ్ వెలువడినది. అక్షరములు పలు ఆకృతులలో కనిపించును. లింకుల క్రింద గీత ఉండును. మౌసుతో నొక్కినచో కోరిన పుట తెరుచుకొనును. ఎక్స్ విండోపై నడచిన తొలి బ్రౌజరు ఇదియే.

తర్వాత? చదువు ముగిసినది. నలుగురును వేరు పనులలోనికి వెళ్లిరి. బెర్నర్స్-లీ స్వయముగా ఫిన్లాండుకు పోయి, పనిని కొనసాగింపుడని కోరెను. ధనసహాయము లేనిదే అది వారికి సాధ్యము కాలేదు. అప్పుడు ఆ దేశము తీవ్రమైన ఆర్థిక మాంద్యములో ఉండెను. పోనీ, తానే చేపట్టుదమన్నను వీలు లేకపోయెను. ప్రోగ్రామును వివరించు వ్రాతలన్నియు ఫిన్నిష్ భాషలో ఉండెను. ఆ భాష ఆయనకు రాదు.

ఇందు విద్యార్థులను తప్పు పట్టుట న్యాయము కాదు. ప్రాజెక్టు వ్రాతలు ఉపాధ్యాయుడు, సహపాఠులు చదువుటకు వ్రాసుకొన్నవి. అవి మాతృభాషలో ఉండుట సహజము. తెలుగున శాస్త్రము వ్రాయువారము మనమే దీనిని ముందుగా ఒప్పుకొనవలెను. సెర్న్‌లో ఒకరి పని మరొకరికి అందని చిక్కును తీర్చుటకై పుట్టిన సాధనమునకు, దాని స్వంత బ్రౌజరు విషయముననే ఆ చిక్కు ఎదురగుట మాత్రము విచిత్రము. ఒక అనువాదకుని కొన్ని నెలలు నియమించియున్నచో ఏమయ్యెడిదో ఊహింపవచ్చును గాని, అందుకైనను ధనము కావలెను గదా.

ఆ ఖాళీ ఎంతోకాలము నిలువలేదు. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయ విద్యార్థి పెయ్ వెయ్ 'వయోలా' అను బ్రౌజరును 1992లోనే వెలువరించెను. 1993లో అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయము నుండి 'మొజాయిక్' వచ్చెను. దానిని వ్రాసిన ఇరువురిలో మార్క్ ఆండ్రీసెన్ అప్పటికి విద్యార్థి. ఎరిక్ బీనా అచటి జాతీయ సూపర్ కంప్యూటరు కేంద్రమున ఉద్యోగి. జీతమిచ్చు కేంద్రము వెనుక నుండుటచే ఆ పని పరీక్షలతో ఆగిపోలేదు. వెబ్ సామాన్య జనుల ఇండ్లకు చేరినది ముఖ్యముగా మొజాయిక్ మూలముననే.