పచ్చికకు ఋతువు

పదునేడవ శతాబ్దమున ఇంగ్లండునందలి ప్రభుమందిరముల ముంగిట పచ్చిక యొకచోట చచ్చి నేల బయల్పడినచో, దానిని పూడ్చుటకు తోటమాలికి రెండు మార్గములుండెను: గొఱ్ఱెలు మేయు బీటినుండి గడ్డిపెళ్లలను వేళ్లతోఁగూడ కోసి తెచ్చి పఱచుట యొకటి, ఎండుగడ్డి నిలువచేయు అటకలను ఊడ్వగా వచ్చిన విత్తులను చల్లుట రెండవది. మొదటిది వ్యయసాధ్యము. రెండవది సులభమే కాని, ఆ ఊడ్పులో మోటుగడ్డియు కలుపువిత్తులును కలసియుండుటచే, నేఁడు పూడిన మచ్చ మఱునాఁటికి వేఱొక వికారమై పొడసూపెడిది.

ఈ అవ్యవస్థ తొలఁగుటకు ఆధారమైన జ్ఞానము తోటలకన్న ముందుగా పశుగ్రాసమునకై పుట్టినది. బెడ్ఫర్డు ప్రభువు ఉద్యానపాలకుఁడైన జార్జి సింక్లేరు వోబర్నునందు గడ్డిజాతులను వేఱువేఱుగా పెంచి పరీక్షించి, తత్ఫలములను 1816లో గ్రంథముగా వెలువరించెను. ఏ జాతి ఏ నేలలో నిలుచునో ఎఱుకపడిన పిమ్మట, విత్తులను ఎన్నుకొని చల్లుటకు వీలు కలిగెను. 1830లో స్ట్రౌడు ప్రాంతీయుఁడగు ఎడ్విన్ బడ్డింగ్, ఉన్నివస్త్రముల నూఁగు కత్తిరించు యంత్రమును చూచి, గడ్డికోయు యంత్రమును నిర్మించి హక్కుపత్రము పొందెను. అంతవఱకు నేర్పరులైన కొడవలికాండ్రను పోషింపఁగలవారికే దక్కిన పచ్చిక క్రమముగా సామాన్యగృహస్థుల ముంగిళ్లకును దిగివచ్చెను, దానితోపాటు దాని మచ్చలను మాన్పు బాధ్యతయు.

ఆ దేశమున ఇందులకు శరదాగమము, అనఁగా ఆగస్టు చివరినుండి సెప్టెంబరు నడుమవఱకుఁ గల కాలము, ప్రశస్తము. వేసవి వేఁడిమి నేలలో ఇంకను మిగిలియుండఁగా వానలు మొదలగును, కలుపు ఉద్ధృతియు తగ్గును. వసంతమున చల్లిన మొలకలకు వేళ్లు లోతునకు దిగకమున్నే వేసవి యెండ తగులును. కావున చచ్చిన గడ్డిని, నాచును పండ్లకఱ్ఱతో దువ్వి తీసి, నేలను గుల్లచేసి, విత్తులు చల్లి మంటికి హత్తునట్లు అదిమి, మొలక నిలుచువఱకు తడి ఆఱకుండ కాపాడవలెను.

తెలుగునేలపై ఈ పంచాంగము చెల్లదు. ఇంగ్లండునందలి సన్నగడ్డి మన వేసవికి తాళలేదు. వినాయకుని పూజకు మనము కోసి తెచ్చు గరికయే, బెర్ముడా గడ్డి యను పేర, ఉష్ణదేశముల మైదానములను కప్పుచున్నది. కణుపుకణుపునను వేరు తన్ను ఈ గడ్డికి విత్తుల అవసరము సాధారణముగా లేదు: తొలకరి పదునులో కాఁడలను తునకలుచేసి మచ్చలలో నాటిన అదియే అల్లుకొనును. కనుక మచ్చను చూడఁగానే విత్తులసంచికై పరుగెత్తువాఁడు, ముందుగా తన గడ్డి యేజాతిదో, తన ఆకాశము వానను ఎన్నఁడిచ్చునో విచారించుట మేలు.