నూతియంత్రము: మరమ్మతా, మార్పా?

ఇంటి నూతియందలి పంపు చెడినప్పుడు దానిని బాగుచేయింపవలెనా, క్రొత్తదానిని కొనవలెనా యని గృహస్థులు తర్కించుట సామాన్యము. ఇది మిస్త్రీ తీర్చవలసిన ప్రశ్నయని పలువురు తలంతురు. కాని నీరు తోడు సాధనముల చరిత్రమును పరిశీలించినచో, ఈ ప్రశ్నను పంపునకంటె ముందు నూతినే యడుగవలెనని మాకు తోచుచున్నది.

మన పూర్వులు పొలములందు ఏతమును, మోటను, ఇండ్లయందు గిలకను, చేదను వాడిరి. చేదత్రాడు తెగిన మార్చిరి. గిలక యరిగిన వడ్రంగి వేరొకటి చెక్కి యిచ్చెను. నీరు దిగిపోయిన త్రాడు పొడిగించిన చాలును. అయితే శ్రమ పెరిగెడిది. ఆ శ్రమ యింటి స్త్రీలదగుటచే పురుషులు దానిని లెక్కలో వేయరైరి. యంత్రము వచ్చి ఆ భారమును తగ్గించుట గొప్ప మేలు. దానిని నిందించుట మా యుద్దేశము గాదు.

యంత్రమునకు త్రాటికి లేని హద్దొకటి కలదు. గట్టుమీది పంపు నీటిని పీల్చుననుట వాడుక. నిజమునకు నీటిని పైకి నెట్టునది వాయుమండలపు బరువు. గెలీలియో శిష్యుడగు టారిచెల్లి 1643లో పాదరసపు గొట్టముతో దీనిని స్పష్టపరచెను. సముద్రమట్టమున ఆ బరువు సుమారు 10 మీటర్ల నీటినే నిలుపగలదు. వాడుకలో 7 మీటర్లు దాటుట కష్టము. నీరంతకంటె దిగినచో ఎంత ఖరీదైన పంపయినను గట్టుమీద నిలిచి నీరీయజాలదు. నీటిలోనే మునిగియుండి పైకి త్రోయు సబ్‌మెర్సిబుల్ మోటారునకు ఇందుచేతనే ప్రాముఖ్యము కలిగెను.

హైదరాబాదు నగరమునందు 1908 సెప్టెంబరులో మూసీ వరద అపార నష్టము కలిగించెను. పిమ్మట 1920లో ఉస్మాన్ సాగరమును, 1927లో హిమాయత్ సాగరమును ముగిసెను. కొళాయి నీరు గడపకు వచ్చినకొలది నూతులపై శ్రద్ధ తగ్గెను. కొన్ని పెంటకుప్పలతో పూడిపోయెను. తరువాత నగరము పడమటికి పెరిగి మోతీనగరు, జూబిలీ హిల్సు, ఫిల్మ్ నగరు వంటి పేటలు వెలసెను. అచ్చటి నేల క్రింద గ్రానైటు రాయి కలదు. నీరు పైనున్న చివుకురాతిపొరలోను, రాతి పగుళ్లలోను మాత్రమే నిలుచును. బోరుబావులు లోతుకుపోయినకొలది పొరుగువాని నిస్సారమగు నూయి మన సౌఖ్యమునకు వెల చెల్లించును. అందుచేతనే 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున వాల్టా చట్టము వచ్చి, నూతులను నమోదు చేయుటను, బోరు వేయుటకు అనుమతిని విధించెను.

కావున గృహస్థుడు మొదట బరువుకట్టిన త్రాటితో నీటిమట్టమును కొలువవలెను. నీరు తొంటిచోటనే యుండగా పంపు పని చేయనిచో, ఫుట్‌వాల్వు, బేరింగు, కెపాసిటరు వంటి చిన్నలోపముల జూచి మరమ్మతు చేయించుట యుక్తము. తీగచుట్టు పలుమారు కాలిన మోటారును, వెల సగమునకు మించిన మరమ్మతు కోరు పంపును విడుచుట మేలు. నీరే దిగియుండినచో, పాతదానిని బాగుచేయుటయు వ్యర్థము; వెదకక క్రొత్తదానిని లోతుగా దింపుటయు అప్పుపై అప్పు చేయుట వంటిది. అప్పుడు ఇంటి కప్పుమీది వాననీటిని ఇంకుడుగుంతకు మరలించి, పూడిక తీయించుటే ముఖ్య మరమ్మతు.

ఇది వట్టి ఊహ గాదు. బన్సీలాల్‌పేటలో చెత్తతో పూడియున్న ప్రాచీనమగు మెట్లబావిని శుభ్రపరచి 2022లో మరల తెరచిరి. దాని ఊటలు మరల నీరిచ్చెను. నూతియందు ఊట యున్నంతకాలము పంపును మార్చుకొనవచ్చును. ఊటను మార్చి తెచ్చు అంగడి యెచ్చటను లేదు. చదువరులు క్రొత్తపంపు వెల లెక్కించునపుడు దీనిని గూడ లెక్కింతురుగాక.