మద్యనిషేధము, మా అన్నయ్య, మెదడులోని లాకులు



‘వ్యసనము’ అనే మాటను ముప్పయ్యేళ్ళు పిల్లలకు బోధించాను. ‘వి’ ఉపసర్గ; విసరుట అనే అర్థమిచ్చే ‘అస్’ ధాతువు. మనిషిని శ్రేయస్సు నుండి దూరంగా విసరివేసేది కనుక వ్యసనమని కౌటిల్యుడు అర్థశాస్త్రం ఎనిమిదవ అధికరణంలో నిర్వచించాడు. వ్యుత్పత్తి సరిగానే చెప్పేవాడిని. కానీ బ్రతుకులో మాత్రం విసరివేయబడినవాడినే దోషిగా నిలబెట్టి మాట్లాడాను. ఆ సంగతి చెప్పుకోవడానికే ఈ టపా.

ముందు కొంచెం చరిత్ర. 1937లో రాజాజీ ప్రభుత్వం సేలం జిల్లాలో మద్యనిషేధం ఆరంభించింది. 1948 అక్టోబరు 2 నాటికి అది మద్రాసు రాష్ట్రమంతటికీ విస్తరించింది. మన కృష్ణా జిల్లా కూడా అందులోదే. కాలువ గట్ల మీద తాడిచెట్లు అలాగే ఉన్నాయి. వాటినెక్కి బ్రతికేవారి ముంత మాత్రం నేరమైంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక గౌతు లచ్చన్న గారి నాయకత్వంలో గీత కార్మికులు ఉద్యమించారు. నిషేధాన్ని ఎత్తివేయమని రామమూర్తి సంఘం సిఫారసు చేసింది. ఆ వివాదం ముదిరి 1954 నవంబరులో ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం ఒకే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట స్థానంలో విజయవాడ దగ్గర కట్టిన కొత్త బ్యారేజీకి ఆయన పేరే పెట్టారు. దాని మీదుగా పోతున్నప్పుడల్లా, నీటికి గేటు వేయడం తేలిక గానీ దాహానికి గేటు వేయడం ఎంత కష్టమో అనిపిస్తుంది.

తరువాత నిషేధం పోయింది. 1980లలో ప్రభుత్వమే సారాను ప్యాకెట్లలో నింపి అమ్మించింది. ఆ పథకం పేరు ‘వారుణి వాహిని’. వారుణి అంటే మద్యమని నిఘంటువు తెలిసినవారెవరైనా చెబుతారు. ఇంత ప్రమాదకరమైన సరుకుకు ఇంత చక్కని సమాసం కుదిర్చిన పండితుడెవరో గాని, సారా మాత్రం నిజంగానే వాహిని అయి ప్రతి పల్లెకూ పారింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాలు నేర్చుకుంటున్న స్త్రీలు ఆ ప్రవాహానికి అడ్డం నిలిచారు. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారా నిషిద్ధమైంది. 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. 1997లో తరువాతి ప్రభుత్వం దానిని సడలించింది.

ఈ తేదీలు నాకు పుస్తకాల వల్ల జ్ఞాపకం ఉన్నవి కావు. మా పెద్దన్నయ్య జీవితం వీటి మధ్యనే గడిచింది.

బందరు కాలువ ఒడ్డున మా ఊరు. అన్నయ్య రైసుమిల్లులో గుమాస్తా. సారా ప్యాకెట్ల కాలంలో మొదలుపెట్టి, వదినగారి పుస్తెల దాకా తెచ్చుకున్నాడు. నిషేధం వచ్చాక మానేశాడు. చాటుగా దొరికే చోట్లు ఉన్నా పోలేదు. రెండేళ్ళు మళ్ళీ మనిషిలా తిరిగాడు; నా దగ్గర భాగవతం పుస్తకం తీసుకుపోయి చదివాడు. 1997లో దుకాణాలు తెరిచిన వారానికే, మిల్లు నుండి వస్తూ ఆ బోర్డు చూసి లోపలికి వెళ్ళాడట.

నేను వెళ్ళి అడిగాను. “తమ్ముడూ, నేను వెళ్ళలేదురా, కాళ్ళు తీసుకెళ్ళాయి” అన్నాడు. “నీకు మనసు లేదన్నయ్యా, మనసుంటే మార్గముంటుంది” అని పదిమంది ముందు అనేసి వచ్చాను. అంటున్నప్పుడు నా జేబులో ముక్కుపొడుం డబ్బా ఉంది. ప్రాచ్య కళాశాలలో చదివే రోజుల్లో అంటిన అలవాటు. నాలుగుసార్లు మానాను, నాలుగుసార్లు మళ్ళీ పట్టాను. రెండేళ్ళు తిరక్కుండానే అన్నయ్య పోయాడు.

పదవీ విరమణ తరువాత, మెదడు గురించి చదువుతుండగా ఆ “కాళ్ళు తీసుకెళ్ళాయి” అనే మాటకు భాష్యం దొరికింది.

మన శరీరంలో దాదాపు ప్రతి కణంలోనూ ఉన్నవి అవే జన్యువులు. ఏ కణంలో ఏ జన్యువు ఎప్పుడు పనిచేయాలన్నదే జన్యు నియంత్రణ. డెల్టా వాళ్ళకు ఇది చెప్పడం సులువు. నీరంతా కృష్ణదే. ఏ లాకు ఎత్తితే ఆ చేను తడుస్తుంది, ఏది దించితే ఆ చేను ఎండుతుంది. లాకు దగ్గర లస్కరు ఉంటాడు. మెదడులోనూ అటువంటి లస్కరులున్నారు. అవి కొన్ని ప్రోటీన్లు. సాధారణంగా అవి పిలిస్తే వచ్చి, పని చూసి, కొద్ది గంటల్లో వెళ్ళిపోతాయి.

ఎరిక్ నెస్లర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1990ల నుండి పరిశీలించిన ప్రోటీను ఒకటుంది. పేరు డెల్టా ఫాస్‌బి. మన డెల్టాకూ దానికీ పేరులో తప్ప బంధుత్వం లేదు. మత్తుపదార్థం పదేపదే అందినప్పుడు, మెదడులో సుఖాన్ని గుర్తించి మళ్ళీ కోరే కేంద్రంలో అది పోగుపడుతుంది. త్వరగా విచ్ఛిన్నం కాదు. మత్తు ఆగిన తరువాత కూడా వారాల తరబడి లాకు దగ్గరే కూర్చుని, కొన్ని తూములెత్తి, కొన్ని దించుతుంది. చివరకు అదీ వెళ్ళిపోతుంది. కానీ అది ఉన్నన్నాళ్ళూ పారిన నీరు కోసిన బోదెలు, అంటే నాడీకణాల మధ్య మారిన సంబంధాలు, ఇంకా చాలాకాలం నిలుస్తాయి. పాత బోర్డు కనబడగానే నీరు ఆ బోదెనే వెతుక్కుంటుంది.

నా పొడుం డబ్బాకు కూడా ఇందులో వాటా ఉంది. జన్యుపదార్థం కొన్ని ప్రోటీన్ల చుట్టూ చుట్టుకుని ఉంటుంది, తాడు బిగించిన తాళపత్ర గ్రంథంలాగా. తాడు వదులైతేనే పత్రం చదవగలం. 2011లో ఎరిక్ కాండెల్, డెనిస్ కాండెల్, అమీర్ లెవిన్ ప్రభృతులు ఎలుకల మీద చేసిన ప్రయోగంలో, ముందుగా అందిన నికోటిన్ ఆ తాడును వదులు చేసి, తరువాత వచ్చే కొకెయిన్ ప్రభావాన్ని పెంచింది. వరుస తిప్పి ముందు కొకెయిన్ ఇస్తే ఆ ఫలితం రాలేదు. కన్యాశుల్కంలో గిరీశం వెంకటేశానికి చదువు కన్నా ముందు చుట్ట నేర్పడం చూసి తరగతిలో ఎన్నిసార్లు నవ్వించానో! ఇప్పుడా ఘట్టం చదివితే నవ్వుతో పాటు కించిత్తు భయం కూడా కలుగుతోంది.

ఇవి చాలావరకు ఎలుకల మీద తేలిన విషయాలు. తాగిన ప్రతివాడూ బానిస కాడు. మద్యవ్యసనానికి లోనయ్యే అవకాశంలో సుమారు సగం వంశపారంపర్యమని అంటారు, తక్కిన సగం పరిసరాలది. పుస్తెలు తాకట్టు పెట్టిన పాపం జన్యువులదని అంటే వదినగారికి అన్యాయం చేసినవాడినవుతాను. కానీ రెండేళ్ళు నిగ్రహించుకున్న మనిషికి మనసు లేదని అనడం అంతకన్నా అన్యాయం. ఆ రెండేళ్ళూ మనసే కదా కాపలా కాసింది!

నిషేధం రెండేళ్ళపాటు అన్నయ్య దారిలోంచి బోర్డును తీసేసింది. అది చిన్న మేలు కాదు. దూబగుంట స్త్రీలకు ఈ విషయం ఏ శాస్త్రమూ చదవకుండానే తెలుసు. కానీ లోపలి బోదె పూడేదాకా పక్కన నిలబడే వైద్యమూ, మనుషులూ కావాలి. 2019లో దుకాణాలు ప్రభుత్వం చేతికి వచ్చాయి, 2024లో మళ్ళీ ప్రైవేటువారి చేతికి పోయాయి. ప్రతిసారీ వాదన దుకాణం ఎవరిదన్న దాని మీదే సాగింది. అందులోకి కాళ్ళు తీసుకెళ్ళినవాడి గురించి మాట్లాడినవారు తక్కువ.

పొడుం మానడం ఇది అయిదోసారి, పద్నాలుగు నెలలైంది. ఖాళీ డబ్బా బల్ల మీదే ఉంచాను. అన్నయ్య తిరిగి ఇచ్చిన భాగవతం దాని పక్కనే ఉంది. ఆయన ఆగిన చోట గుర్తుగా పెట్టిన మిల్లు రశీదును ఇంతవరకు తీయలేదు.