ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలు

తాగుడు మానుకోవాలనుకునేవారు ఒకచోట కూడి, తమ అనుభవాలు చెప్పుకొంటూ, ఒకరికొకరు అండగా నిలిచే సమావేశాలివి. 1935లో అమెరికాలోని ఓహాయో రాష్ట్రం, అక్రన్ నగరంలో మొదలై నేడు దాదాపు 180 దేశాల్లో జరుగుతున్నాయి. ఫీజు లేదు. తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. సాయం కావలసిన మనిషి, సాయపడగల మనిషిని ఎలా చేరుకోవాలన్న ప్రశ్న చుట్టూనే వీటి చరిత్ర నడిచింది.

పూర్వరంగం

1840లో బాల్టిమోర్‌లోని ఒక సారాయి అంగడిలో కూర్చున్న ఆరుగురు, ఇక తాగబోమని ప్రతిజ్ఞ చేసి వాషింగ్టోనియన్ సంఘం పెట్టారు. తాగుబోతులే వేదికెక్కి తమ కథలు చెప్పడం జనాన్ని విశేషంగా ఆకట్టుకుంది. అయితే మద్యనిషేధ రాజకీయాలు, వాదవివాదాలు చొరబడడంతో పదేళ్లు తిరక్కుండానే ఆ ఉద్యమం చెదిరిపోయింది. 1877లో స్విట్జర్లాండ్‌లోని జెనీవాలో పాస్టర్ లూయీ లూసియెన్ రోషా తాగుబోతులకు తోడ్పడే బ్లూక్రాస్ సంస్థను నెలకొల్పాడు.

అక్రన్, 1935

న్యూయార్క్ స్టాక్ మార్కెట్‌లో పనిచేసిన బిల్ విల్సన్ 1934 డిసెంబరులో టౌన్స్ ఆసుపత్రిలో చేరి తాగుడు మానాడు. తాగుడు బలహీనత కాదు, జబ్బు అని అక్కడి డాక్టర్ విలియం సిల్క్‌వర్త్ అతనికి నచ్చజెప్పాడు. తర్వాత ఐదు నెలలపాటు విల్సన్ ఎందరికో చెప్పి చూశాడు. ఒక్కరూ మానలేదు. అతను మాత్రం మళ్లీ తాగలేదు.

1935 మేలో వ్యాపారం పనిమీద అక్రన్ వెళ్లాడు. పని చెడింది. మేఫ్లవర్ హోటల్ లాబీలో ఒంటరిగా తిరుగుతుంటే ఒకవైపు బార్ సందడి, మరోవైపు చర్చిల వివరాలున్న బోర్డు, టెలిఫోన్. అతను ఫోన్ వైపు నడిచాడు. పాస్టర్ వాల్టర్ టంక్స్ ద్వారా హెన్రియెట్టా సైబర్లింగ్ పరిచయమైంది. మర్నాడు సాయంత్రం ఆమె తన ఇంట్లో అతనికి, తాగుడు మానలేకపోతున్న డాక్టర్ బాబ్ స్మిత్‌ను కలిపింది. పావుగంట మించి ఉండనంటూ వచ్చిన ఆ సర్జన్ రాత్రి పదకొండు దాటాక గాని లేవలేదు. విల్సన్ బోధించలేదు, తన కథ చెప్పాడు. తాను తాగకుండా ఉండాలంటే మరో తాగుబోతుతో మాట్లాడక తప్పదన్నాడు. స్మిత్ చివరిసారి తాగినట్టు చెప్పే జూన్ 10నే సంస్థాపక దినంగా పాటిస్తారు.

విస్తరణ

తొలి సమావేశాలు ఇళ్లలోనే జరిగేవి. 1939లో సంస్థ పేరుతోనే వచ్చిన పుస్తకం తాగుడు మానడానికి పన్నెండు మెట్ల పద్ధతిని వివరించింది. 1941 మార్చిలో శాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్ పత్రికలో జాక్ అలెగ్జాండర్ వ్యాసం రాగానే సంస్థ న్యూయార్క్ కార్యాలయానికి ఉత్తరాలు వెల్లువెత్తాయి. సుమారు 2,000 ఉన్న సభ్యుల సంఖ్య ఏడాది చివరికి 8,000కు చేరింది.

వాషింగ్టోనియన్లకు పట్టిన గతి తమకు పట్టకుండా పన్నెండు సంప్రదాయాలను 1946లో ప్రకటించి, 1950లో ఆమోదించారు. బయటివారి విరాళాలు తీసుకోకూడదు. రాజకీయాల జోలికి పోకూడదు. పత్రికల్లో సభ్యుల పేర్లు బయటపెట్టకూడదు. తాగేవారి కుటుంబాల కోసం 1951లో అల్-అనాన్, పిల్లల కోసం 1957లో అలటీన్ వచ్చాయి.

భారతదేశంలో

ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) 1957లో ఢిల్లీలో మొదలైంది. 1980లో శాంతి రంగనాథన్ చెన్నైలో నెలకొల్పిన టి.టి. రంగనాథన్ క్లినికల్ రీసెర్చ్ ఫౌండేషన్, వ్యసన విముక్తి చికిత్సకు దేశంలో దారి చూపిన సంస్థల్లో ఒకటి. నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు 1992లో రగిలించిన సారా వ్యతిరేక పోరాటం మరుసటి ఏడాది రాష్ట్రంలో సారా నిషేధానికీ, 1995లో సంపూర్ణ మద్యనిషేధానికీ దారితీసింది. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు. అంగడి మూయించడం ఒక పోరాటమైతే, మూసిన అంగడి ముందు కూడా వణికే చేతికి ఆసరా ఇవ్వడం మరో పని. సమావేశాలు చేసేది ఈ రెండో పని. హైదరాబాద్, విశాఖపట్నం వంటి నగరాల్లో ఏఏ గ్రూపులున్నాయి.

సమావేశం తీరు

ఓపెన్ మీటింగ్‌కు ఎవరైనా వెళ్లవచ్చు. క్లోజ్‌డ్ మీటింగ్ తాగుడు సమస్య ఉన్నవారికే. సాధారణంగా గంట, గంటన్నర సాగుతుంది. ఇంటిపేరు చెప్పనక్కర్లేదు. కొత్తవారు నోరు విప్పకుండా విన్నా చాలు. ఒకరు మాట్లాడుతుంటే మిగతావారు అడ్డు తగలరు, సలహాలివ్వరు. ఖర్చుల కోసం తిప్పే సంచిలో సభ్యులు తోచినంత వేస్తారు. మానేసి కొన్నేళ్లయిన సభ్యుడు స్పాన్సర్‌గా కొత్తవారికి తోడుంటాడు. కోవిడ్ కాలంలో ఆన్‌లైన్ మీటింగులు బాగా పెరిగాయి. దగ్గర్లో గ్రూపు లేనివారికి అవే దిక్కయ్యాయి. మన దేశంలో 14446 టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేస్తే చికిత్స కేంద్రాల సమాచారం దొరుకుతుంది.

ఫలితాలు, ప్రత్యామ్నాయాలు

2020లో వెలువడిన కాక్రేన్ సమీక్ష 27 అధ్యయనాలను, 10,565 మంది వివరాలను పరిశీలించింది. తాగుడుకు పూర్తిగా దూరంగా ఉంచడంలో, రోగులను ఏఏ వైపు నడిపించే చికిత్సలు ఇతర ప్రసిద్ధ పద్ధతులకు తీసిపోవనీ, కొన్నిసార్లు మెరుగనీ తేల్చింది. పన్నెండు మెట్లలోని దైవభావన నచ్చనివారి కోసం 1994లో స్మార్ట్ రికవరీ, స్త్రీల కోసం 1970లలో విమెన్ ఫర్ సొబ్రైటీ ఏర్పడ్డాయి.

సమావేశం వైద్యానికి బదులు కాదు. ఏళ్ల తరబడి ఎక్కువగా తాగినవారు ఒక్కసారిగా మానితే మూర్ఛలు, మతిభ్రమ వచ్చి ప్రాణాపాయం కలగవచ్చు. ముందు డాక్టర్ పర్యవేక్షణలో తాగుడు మాన్పించి, ఆపై మీటింగులకు పంపడం క్షేమం. మళ్లీ తాగినవారినీ గ్రూపు వెలివేయదు. మానాలన్న కోరిక ఉన్నంతకాలం వారూ సభ్యులే.