సోయి మీద అయస్కాంతం

సంగారెడ్డి జిల్లా రాయికోడ్‌లో ఎరువుల దుకాణం ముందు పది నిమిషాలు నిలబడితే చాలు. ఒకే మనిషి పక్కవాడితో తెలుగు మాట్లాడతాడు, బీదర్ వైపు నుంచి వచ్చిన చుట్టంతో కన్నడం, దుకాణదారుతో దక్కనీ ఉర్దూ. మధ్యలో ఫోను మోగితే మళ్లీ తెలుగులోకి వచ్చేస్తాడు. ఒక భాష మాట ఇంకో భాషలోకి జారేది తక్కువ, జారినా ఎవరూ పట్టించుకోరు. ఈ పనికి కావలసినదాన్ని మన వైపు ‘సోయి’ అంటారు, పుస్తకాల్లో అవధానం అని రాస్తారు. ఎదుటివాడెవరో గమనించడం, నాలుక చివరికి వచ్చిన మాటను ఆపడం, ఇంకో మాటను పిలవడం అన్నీ అందులోకే వస్తాయి.

ఈ అలవాటుకూ మెదడు ఆరోగ్యానికీ ఏదో సంబంధం ఉందని గట్టిగా చెప్పిన అధ్యయనాల్లో ఒకటి హైదరాబాద్‌లోనే జరిగింది. నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది మతిమరుపు వ్యాధి (డిమెన్షియా) రోగుల వివరాలు పరిశీలించి 2013లో ‘న్యూరాలజీ’ పత్రికలో ప్రచురించింది. వారిలో 391 మందికి ఒకటికి మించిన భాషలు వచ్చు. ఒకే భాష తెలిసినవారికంటే వీరిలో వ్యాధి సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడింది. బడికి వెళ్లనివారిలోనూ తేడా కనిపించడం ఈ అధ్యయనానికున్న అసలు బలం. పాశ్చాత్య దేశాల్లో రెండు భాషలు తెలిసినవారు తరచూ వలసవచ్చినవారై ఉంటారు, కాబట్టి ఆ ఫలితం భాషల వల్లా, వలస వల్లా అన్న అనుమానం తీరదు. మన దగ్గర పుట్టిన ఊరు కదలకుండానే మూడు భాషలు వస్తాయి.

అదే కోవలో 2016లో 608 మంది పక్షవాత రోగుల ఫలితాలు వచ్చాయి. స్ట్రోక్ తర్వాత ఆలోచనా శక్తి మామూలుగా ఉన్నవారు బహుభాషీయుల్లో 40.5 శాతం, ఏకభాషీయుల్లో 19.6 శాతం.

తేడా చిన్నది కాదు. అయినా ఇది పోలికే, కారణానికి రుజువు కాదు. పైగా ఆరోగ్యవంతుల్లో కథ అంత తేటగా లేదు. 152 అధ్యయనాలను కలిపి 2018లో చేసిన విశ్లేషణలో, అనుకూల ఫలితాలే ఎక్కువగా అచ్చవుతాయన్న లోపాన్ని సరిచేసి చూస్తే, అవధాన నియంత్రణలో ద్విభాషీయుల ఆధిక్యం నిలబడలేదు. రెండూ నిజమే కావచ్చు. రోగం వచ్చినప్పుడు అక్కరకొచ్చే నిల్వ, యువకులకు కంప్యూటర్ ముందు పెట్టే పరీక్షలో బయటపడకపోవచ్చు. ఇది నా ఊహ మాత్రమే.

కారణం తేల్చాలంటే మెదడులోని ఒక భాగం పనిని కాసేపు మార్చి, మనిషి ప్రవర్తన మారుతుందేమో చూడాలి. పుర్రె తెరవకుండా, పెద్దగా నొప్పి లేకుండా ఆ పని చేసే మార్గం 1985లో దొరికింది. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ బృందం తలమీద పెట్టిన తీగచుట్టలో క్షణికంగా భారీ కరెంటును పంపింది. దాంతో పుట్టే అయస్కాంత క్షేత్రం ఎముకను దాటి లోపలి నాడీకణాల్లో చిన్న విద్యుత్తును ప్రేరేపిస్తుంది. సూత్రం 1831 నాటి ఫారడేదే, మన ట్రాన్స్‌ఫార్మర్లలో పనిచేసేదే. క్షేత్ర బలం సుమారు ఒకటిన్నర, రెండు టెస్లాలు, అంటే ఎంఆర్‌ఐ యంత్రం స్థాయి. కాకపోతే అది నిలిచేది సెకనులో వెయ్యో వంతుకంటే తక్కువసేపు, చేరేది పైపొరల్లో రెండు మూడు సెంటీమీటర్ల లోతు వరకే. చేతిని కదిలించే భాగం మీద పెడితే బొటనవేలు దానంతటదే ఎగురుతుంది. ఎవరికి ఎంత మోతాదు కావాలో ఆ కదలికను చూసే నిర్ణయిస్తారు. దీన్నే టీఎంఎస్ అంటారు.

అవధానం మీద దీని తొలి ఫలితాలు ఆశ్చర్యకరమైనవి. కుడివైపు పార్శ్వభాగం, అంటే చెవికి పైన కాస్త వెనకగా ఉండే భాగం, పక్షవాతంలో దెబ్బతింటే కొందరు ఎడమ పక్కను పూర్తిగా మరిచిపోతారు. పళ్లెంలో కుడి సగం తిని లేస్తారు. కళ్లు బాగానే ఉంటాయి, సోయి ఆ పక్కకు పోదు. 1994లో పాస్కువల్-లియోన్ బృందం పార్శ్వభాగంపై టీఎంఎస్ ఇచ్చి, రెండు పక్కలా ఒకేసారి బొమ్మలు చూపినప్పుడు ఎదురు పక్కది గమనించలేని స్థితిని తాత్కాలికంగా సృష్టించింది. 2001లో హిల్గెటాగ్, సహచరులు సెకనుకు ఒకటి చొప్పున పది నిమిషాలు స్పందనలిచ్చి చూశారు. ఎదురు పక్క గమనిక తగ్గడం ఊహించిందే. కానీ తీగచుట్ట పెట్టిన పక్క గమనిక మెరుగుపడింది! మెదడు రెండు అర్ధభాగాలూ ఒకదాన్నొకటి అణచుకుంటూ ఉంటాయన్న పాత వాదానికి ఇది బలం చేకూర్చింది. తరాజులో ఒక తట్ట బరువు తగ్గిస్తే రెండోది దిగినట్టు.

అయితే తీగచుట్ట కింద ఉన్న చోటే అవధానపు చిరునామా అనుకోకూడదు. కనుచూపును నడిపే ముందరి భాగాన్ని తాకితే ఎక్కడో తల వెనక ఉన్న దృష్టి కేంద్రంలో పని మారుతుందని 2006లో రఫ్ బృందం చూపింది. పై మడిలో గట్టు తెంపితే కింది మడిలో నీళ్లు మారతాయి. కింది మడిని చూసి తప్పంతా దానిదే అంటే ఎలా?

భాషల విషయానికొస్తే ఆధారం మరీ పలచన. కుంగుబాటుకు చికిత్సగా ముందరి మెదడు ఎడమ పక్క టీఎంఎస్ తీసుకుంటున్న ఇద్దరు ద్విభాషా రోగులకు ఉన్నట్టుండి రెండో భాషలో మాట్లాడాలన్న ఊపు వచ్చిందని ఒక నివేదిక ఉంది. ఆసక్తికరమే. కానీ ఇద్దరంటే ఇద్దరే, వాళ్లూ రోగులే.

రెండో పద్ధతి టీడీసీఎస్, బ్యాటరీ పద్ధతి. ఉప్పునీళ్లలో తడిపిన స్పాంజీలు తలకు కట్టి, ఒకటి రెండు మిల్లీ ఆంపియర్ల కరెంటు సుమారు ఇరవై నిమిషాలు పంపుతారు. నిట్షే, పౌలస్ 2000లో జర్మనీలో దీన్ని మళ్లీ వెలుగులోకి తెచ్చారు. చవక, తేలిక. అందుకే దీని చుట్టూ ఆశలూ ఎక్కువ. 2015లో హోర్వత్ బృందం ఆరోగ్యవంతుల మీద ఒక్కసారి ఇచ్చి చూసిన అధ్యయనాలను కలిపి లెక్కగట్టి, ఆలోచనా శక్తులపై నమ్మదగ్గ ప్రభావం కనబడలేదంది. ఆ లెక్క కట్టిన తీరు సరికాదని ఇతరులు వాదించారు. 2018లో శవాలపై కొలిచిన ఒక బృందం, తలపై పెట్టిన కరెంటులో దాదాపు 75 శాతం చర్మం, కండ, ఎముకల్లోనే తగ్గిపోతుందని చూపింది. ఈ తగాదా ఇంకా తేలలేదు. నాకైతే టీఎంఎస్ ప్రయోగశాలలో పనికొచ్చే పరికరంగా నిలబడింది, టీడీసీఎస్ ఇంకా నిరూపించుకోవాలి.

రాయికోడ్ లాంటి చోట ఈ పద్ధతులతో బహుభాషీయుల సోయిని పరీక్షించే ప్రయోగం చేస్తే ఎలా ఉంటుంది? ఆలోచించదగ్గదే. ఇదే సంగారెడ్డి జిల్లాలో, జహీరాబాద్ రోడ్డు మీద, కందిలో ఐఐటీ హైదరాబాద్ ఉంది. భాష, అవధానాలపై తెలుగు-ఇంగ్లిష్ ద్విభాషీయులతో పనిచేస్తున్న కేంద్రం హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఉంది. మూడు భాషల రైతులు ఇక్కడున్నారు. కానీ చిక్కులు చిన్నచిన్న చోట్లే వస్తాయి. కొబ్బరినూనె రాసిన తలపై స్పాంజీకి కరెంటు సరిగా అందదు. ఒత్తయిన జడ ఉంటే తీగచుట్ట తలకు ఆ మేరకు దూరమవుతుంది, దూరం పెరిగేకొద్దీ క్షేత్రం వేగంగా పడిపోతుంది. ఇక ఉత్తుత్తి ఉద్దీపన సంగతి. నిజంగా ఇచ్చామో లేదో పాల్గొన్నవారికి తెలియకూడదు. టీఎంఎస్ ‘టక్’ మని చప్పుడు చేస్తుంది, నెత్తి మీద తట్టినట్టుంటుంది. ఆ రెంటినీ ఉత్తుత్తిగానూ కల్పించాలి. లేకపోతే ఏదో చేశారన్న నమ్మకమే మనిషి సోయిని మారుస్తుంది. పరీక్ష కూడా చదువు రానివారికి అర్థమయ్యేలా బొమ్మలతో, వాళ్ల మాటలతో ఉండాలి. అక్షరాలు చూపే పరీక్ష బడిని కొలుస్తుంది, అవధానాన్ని కాదు.

భద్రత లెక్కలూ ఉన్నాయి. టీఎంఎస్‌తో అరుదుగా మూర్ఛ వచ్చిన సందర్భాల వల్ల 1998లో అంతర్జాతీయ మార్గదర్శకాలు వెలువడ్డాయి, తర్వాత సవరించారు. కుంగుబాటు చికిత్సకు అమెరికా ఔషధ సంస్థ 2008లో అనుమతించింది. ఆ అనుమతి చూపి, పరీక్షలు రాసే పిల్లల ఏకాగ్రత పెంచుతాయంటూ తలకు కట్టే కరెంటు పట్టీలు అమ్మడం కుదరదు.

ఎవరైనా అలాంటి పట్టీ అమ్మజూపితే రెండు మాటలు అడగండి. ఉత్తుత్తి ఉద్దీపనతో పోల్చి చూశారా? ఎంతమంది మీద? మూర్ఛ చరిత్ర ఉన్నవాళ్లు, తలలో లోహపు ముక్కలు, చెవి ఇంప్లాంట్, గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఎక్కడ ఏ ప్రయోగంలో చేరేముందైనా ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పండి.